అంటే దొర అన్న మాట

నర్సు ఏలియామ్మ కట్టు విప్పేటప్పుడు ఎప్పుడూ తొందరపడదు. పింగాణీ బేసిన్‌లో కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు పోసి, తెల్లదొర ఆంటె ఎడమచెయ్యి అందులో ఉంచి, గాయానికి అంటుకున్న గాజుగుడ్డ తనంతట తాను వదిలేదాకా స్టూలు మీద కూచుంటుంది. ఆ కాసేపూ ఎదురెదురుగా మాటాపలుకూ లేకుండా కూచోడం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. అందుకని ఒకరోజు ఆమే ఇంగ్లీషులో అడిగింది, మీ భాషలో వేలుని ఏమంటారని.

"ప్ర్‌స్త్," అన్నాడతను.

ఏలియామ్మ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ అదే వినిపించింది. మధ్యలో ఒక్క అచ్చు కూడా లేకుండా మాట ఎలా నిలబడుతుందో ఆమెకి అంతుపట్టలేదు. మా మలయాళంలో విరల్ అంటామని చెప్పింది. అతను "విరల్, విరల్" అని సులువుగా అనేశాడు. మరి నెత్తురో అంటే "క్ర్‌వ్" అన్నాడు. కృష్ణుడి పేరులో మొదటి అక్షరం పలికినట్టు పలికితే వచ్చేస్తుందని కాసేపటికి కనిపెట్టి ఆమె "కృవ్" అంది. ఆంటె నీళ్ళలో ఉన్న చేతి సంగతి మరచిపోయి రెండో చేత్తో బల్ల చరిచాడు.

చీపురుపల్లి స్టేషను దాటాక రైలుకట్ట పక్కన లేస్తున్న గోగునార మిల్లు అది. ఇంకా ఒక్క సంచీ నెయ్యలేదు. మిల్లుకి కరెంటు ఇచ్చే పెద్ద డీజిలింజను యుగోస్లావియా నుంచి ఓడలో విశాఖపట్నం వచ్చి, అక్కణ్ణుంచి లారీల మీద ముక్కలు ముక్కలుగా ఇక్కడికి చేరింది. దాన్ని బిగించడానికి దానితోపాటు వచ్చినవాడు ఆంటె. ఆ దేశంలో క్రొయేషియా అనే చోట, సముద్రం ఒడ్డున అతని ఊరు. వచ్చిన మొదటిరోజు ఖలాసీలు పేరడిగితే "ఆంటె" అన్నాడట. "అంటే?" అని అడిగారట వాళ్ళు. అవునని తలూపాడట. "అదే, అంటే ఏటి?" అని వీళ్ళు మళ్ళీ అడిగారట. అప్పట్నుంచి అతను అంటే దొర అయిపోయాడు.

ఏలియామ్మది కేరళలో కొట్టాయం దగ్గర. మిల్లు ఆస్పత్రి అంటే రెండు గదులూ ఒక వరండా. నర్సూ, కాంపౌండరూ, చాలామందికి డాక్టరూ ఆమే. అసలు డాక్టరు చీపురుపల్లి నుంచి వారానికి రెండుసార్లు సైకిలు మీద వచ్చి పోతాడు. ఆమె తెలుగు రోగులకి అర్థమయ్యేదే గాని, మలయాళంలో మాట్లాడి చాలాకాలమైంది. ఈ తెల్లవాడికి ఒక్కో మాటా చెబుతూంటే తన ఇంటి గదులు ఒక్కొక్కటీ తాళం తీసినట్టుండేది.

ఒకరోజు ఆంటె కిటికీలోంచి తూర్పువైపు చూస్తూ "మొరె, మొరె" అన్నాడు. పాపం, దాహం కాబోలనుకుని ఏలియామ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మలయాళంలో మోరు అంటే మజ్జిగ. అతను గ్లాసుని చూసి, ఆమెని చూసి, పుచ్చుకుని తాగేశాడు. తాగాక చెప్పాడు, తమ భాషలో మొరె అంటే సముద్రమని, అది ఇక్కడికి ఎంతదూరమో అడిగానని.

అలాంటివి ఇద్దరూ వెతుక్కునేవారు. నాసిక వాళ్ళకి నోస్, మాసం వాళ్ళకి మ్యేసెత్స్, విధవ వాళ్ళకి ఉదోవిత్స. రెండు సముద్రాలు దాటి ఈ మాటలు ఎలా కలిశాయో ఇద్దరికీ తెలీదు. కాని అర్థం కలిసిన మాటలకన్నా, చప్పుడు కలిసి అర్థం కలవని మాటలే వాళ్ళకి ఎక్కువ నవ్వు తెప్పించేవి. ఆమెకి వల అంటే చేపలు పట్టేది, అతనికి వల్ అంటే చేపల మీదినుంచి పొర్లే కెరటం. ఆమెకి మతి అంటే ఇక చాలని, అతనికి తల్లి. తెలుగువాళ్ళకేమో అది బుద్ధి అని ఆమె చెబితే, మూడూ ఒకటే అన్నాడు ఆంటె. వానని మళ అనమంటే మాత్రం అతని నాలుక మడతపడేది కాదు. ఇంగ్లీషులో ఆ చివరి అక్షరాన్నీ, వాళ్ళ భాషలో ఒక అక్షరాన్నీ జెడ్‌హెచ్ అని ఒకేలా రాస్తారని, పలికితే ఒకటి నాలుక వెనక్కి చుట్టుకునేదనీ, ఇంకోటి పళ్ళసందున బుసకొట్టేదనీ తేలింది.

ఈ నవ్వులన్నీ వరండాలోకి వినిపించేవి. వరండాలో తాయారు ఉండేది.

తాయారు ఆస్పత్రి ఆయా. సీసాలు కడగడం, గుడ్డలు ఉడకబెట్టడం, రోగులని పట్టుకోవడం ఆమె పని. దొర వచ్చినప్పుడు మాత్రం ఆమె ఆ గది గుమ్మం దాటేది కాదు. ఏదైనా కావాలంటే గుమ్మం బయటే నిలబడి చెయ్యి చాపి ఇచ్చేది. దొర చెయ్యి నలిగినందుకు పని పోగొట్టుకున్నది ఆమె తమ్ముడు గంగులు.

* * *

జరిగింది మిల్లులో అందరికీ తెలుసు. ఇంజను షెడ్డులో సిలిండరు మూతని చైను బ్లాకుకి, అంటే గొలుసు లాగితే బరువు దిగే కప్పీకి, వేలాడదీసి కిందికి దించుతున్నారు. ముప్ఫై మణుగుల ఇనుము. గొలుసు గంగులు చేతిలో ఉంది. ఆంటె కింద మోకాళ్ళ మీద కూచుని, మూత సరిగ్గా బోల్టుల మీదికి వచ్చేలా ఎడమచేత్తో సర్దుతున్నాడు. ఏదో అన్నాడు. గంగులు గొలుసు ఒక్క ఊపున లాగాడు. మూత జర్రున దిగి, ఊగి, రెండు వేళ్ళని బోల్టుకేసి నొక్కేసింది.

లేబరాఫీసరు జగన్నాధం విచారణ పెట్టాడు. ఆంటె తన కొద్దిపాటి ఇంగ్లీషులో, నేను స్లో అని చెప్పాను, అతను లాగాడు అన్నాడు. అదే రాసుకున్నారు. గంగుల్ని అడిగితే, దొర లాగమన్నాడు కాబట్టే లాగానన్నాడు. స్లో అన్నమాట నాకూ తెలుసు బాబూ, ఆయన స్లో అన్లేదు, పో లాక్కో అన్నాడు అన్నాడు. సాక్షులుగా వచ్చిన ఖలాసీలతో సహా గదిలో ఉన్నవాళ్ళందరూ గొల్లుమన్నారు. దొరకి తెలుగెప్పుడొచ్చిందిరా గంగులూ అని జగన్నాధం అడిగాడు. అతనూ నవ్వాడు.

కావాలనే మాట వినలేదని, పైగా అబద్ధమాడాడని కాయితం మీద రాశారు. అంతటితో పోయేదేమో గాని, గంగులు అత్తవారిది పార్వతీపురం అవతల కొండల దగ్గర. అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఏజెన్సీలో నక్సలైట్ల గొడవల గురించి పేపర్లో రోజూ వచ్చేది. మేనేజరు కాన్పూరు మనిషి, తెలుగు రాదు, ఆ పేపర్లు చదివి చదివి బెదిరి ఉన్నాడు. కొత్త ఇంజను మీద చెయ్యేసినవాడి వెనక ఎవరున్నారో పోలీసుల్ని కనుక్కోమంటే మంచిదని అతనికి తోచింది. సోమవారం ఇనస్పెక్టరు వస్తాడని చెప్పుకుంటున్నారు.

ఏలియామ్మ ఇవన్నీ విన్నది. గంగులు అన్నమాట కూడా విన్నది. తాయారు మీద జాలిపడింది గాని, భయానికి ఆడిన అబద్ధం, అదీ సరిగ్గా ఆడలేకపోయాడనే అనుకుంది. ఆంటెతో ఆ ప్రస్తావన తేలేదు. చెయ్యి నలిగినవాడి దగ్గర, నలిపినవాడి సంగతి ఎందుకని ఊరుకుంది. ఆంటె ఒకసారి ఆఫీసులో అడిగితే ఆ మనిషి సెలవులో ఉన్నాడన్నారట. అతను అదే నమ్మాడు.

* * *

శుక్రవారం కూలీలందరికీ కలరా సూదులు. వరండా నిండా, మెట్ల మీద, ఎండలో జనం. ఆంటె తన వేళకి వచ్చి కూచున్నాడు. ఏలియామ్మ నాలుగైదుసార్లు లేచి వెళ్ళొచ్చింది. చివరికి ఇలాకాదని, తాయార్ని లోపలికి పిలిచింది. నేను మణికట్టు పట్టుకుని నీళ్ళు పోస్తూ ఉంటాను, నువ్వు కట్టు చివర పట్టుకుని కొంచెం కొంచెంగా విప్పమంది.

తాయారు కదల్లేదు. ఏలియామ్మ రెండోసారి పిలవాల్సివచ్చింది. అప్పుడు వచ్చి, చెంగు నడుముకి దోపుకుని, దొర మొహంకేసి చూడకుండా కట్టు చివర అందుకుంది. రెండు చుట్లు విప్పింది. మూడో చుట్టు కింద గుడ్డ ఇంకా పూర్తిగా నానలేదు. గాయం చిమచిమలాడిందేమో, ఇన్నాళ్ళూ ఏలియామ్మ చేతిలో నొప్పికి ఒక్కసారైనా పెదవి కదపని ఆంటె, ఊపిరి బిగబట్టి తాయారుతో ఏదో అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

తాయారు కట్టుని ఒక్క లాగు లాగింది.

ఆంటె కుర్చీలోంచి సగం లేచాడు. గుడ్డతోపాటు కొత్తగా పట్టిన చర్మం ఊడొచ్చింది, నెత్తురు బేసిన్‌లోకి బొట్లుబొట్లుగా పడింది. ఏలియామ్మ దూది అదిమిపెట్టి తాయారుకేసి తిరిగింది. ఆమెకి కోపమొస్తే తెలుగు రాదు. కష్టపడి కూడదీసుకుని, నీ తమ్ముడి మీద ప్రేమ ఉంటే ఇంట్లో ఏడవాలి గాని, ఆస్పత్రిలో రోగి మీద కసి తీర్చుకోకూడదు, నువ్వు కావాలనే చేశావు అంది.

తాయారు చేతిలో ఇంకా ఆ గుడ్డ వేలాడుతోంది. ఆమె మొహం తెల్లబోయింది.

"ఆయనే గదమ్మా లాగమన్నాది," అంది. "పో లాక్కో, పో లాక్కో అని రెండు మాట్లన్నాడు. మరి నానేటి సేసేది?"

బయట ఎవరో సూదికి భయపడి ఏడుస్తున్నారు. ఏలియామ్మ దూది మీద వేలు అలాగే నొక్కి ఉంచి తాయార్ని చూస్తూ ఉండిపోయింది. తాయారుకి కూడా తను అన్నమాట అప్పుడే వినిపించినట్టుంది. గుడ్డ జారవిడిచి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏలియామ్మ ఆంటె వైపు తిరిగి, ఇప్పుడు ఈమెతో మీరేమన్నారని అడిగింది. అతను నొప్పితో కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"పోలాకో," అన్నాడు. "పోలాకో. స్లో అని."

ఆమె చెవిలో అది ఇప్పటికీ ఒక విదేశపు మాటే. మలయాళంలో దానికి అర్థమూ లేదు, పోలికా లేదు. ఇన్నాళ్ళూ ఇద్దరూ కూచుని సముద్రాన్నీ మజ్జిగనీ, తల్లినీ చాలుననడాన్నీ కలిపి నవ్వుకున్నారు. తలుపవతల నిలబడ్డ మనిషి భాషతో పోల్చి చూడాలని ఒక్కసారీ తోచలేదు. ఆమె తాయారు చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఆంటెకి అంతా చెప్పింది. గంగులు ఏమన్నాడో, ఎందుకు నవ్వారో, సోమవారం ఎవరొస్తున్నారో అన్నీ చెప్పింది.

ఆంటె మొదట అర్థంకానట్టు చూశాడు. తరవాత లేచి నిలబడ్డాడు. కట్టు కట్టించుకునేదాకా కూడా ఆగేలా లేడు. ఏలియామ్మ బలవంతాన కూచోబెట్టి కట్టింది.

* * *

మేనేజరు ముగ్గుర్నీ కూచోమన్నాడు గాని, తాయారు గోడవారనే నిలబడింది. ఆంటె చెప్పినదంతా అతను ఓపిగ్గానే విన్నాడు. విని, ఒక మాట ఇంకో మాటలా వినిపించిందంటే ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు, నాకైతే అందులో లాగడమేమీ వినిపించలేదన్నాడు. తనకి తెలుగు రాదుగనక జగన్నాధాన్ని పిలిపించాడు.

జగన్నాధం వచ్చేసరికి తను సంతకం పెట్టిన విచారణ కాయితం బల్ల మీదే ఉంది. అతను సంగతంతా విన్నాడు. షెడ్డులో చప్పుడు మధ్య ఎలా అరిచారో అలాగే బయటికెళ్ళి ఒకసారి అనమని ఆంటెని అడిగాడు. ఆంటె వరండాలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. అవతలినుంచి అరుపు వినిపించింది.

టీకప్పులు తీస్తున్న బంట్రోతు ఎల్లాజీ చటుక్కున తలెత్తాడు. అతనికి ఈ గొడవ ఏదీ తెలీదు.

"ఎవుల్ని లాక్కోమంతన్నాడు బాబూ?" అని జగన్నాధాన్ని అడిగాడు.

ఎల్లాజీ ఏమంటున్నాడని మేనేజరు అడిగాడు. కప్పుల గురించి ఏదో అడుగుతున్నాడని జగన్నాధం చెప్పినా అక్కడ కాదనేవాళ్ళు తక్కువ. తాయారుకి ఇంగ్లీషు రాదు. ఏలియామ్మ మాటకి నర్సు మాటకున్నంత విలువే. జగన్నాధం కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, ఎల్లాజీ అన్నది అన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పాడు. నాకూ అలాగే వినిపించిందండి, ఆరోజు ఆ కుర్రాడు నిజమే చెప్పాడు, నేనే నవ్వాను అన్నాడు.

మేనేజరు కాయితం జగన్నాధం వైపు జరిపి, మళ్ళీ రాయమన్నాడు. ఇనస్పెక్టరుకి రావద్దని తనే కబురుపెడతానన్నాడు.

* * *

శనివారం పొద్దున్న జగన్నాధం, ఏలియామ్మ, తాయారు, ఆంటె నలుగురూ గంగులు ఊరికి నడిచి వెళ్ళారు. ఆంటెని రావద్దని ఏలియామ్మ చెప్పినా వినలేదు. గంగులు ఎవరి మిరపతోటకో ఏతం తొక్కుతున్నాడు. గట్టు మీద వీళ్ళని చూసి కూడా ఆగలేదు. పైకి నడిచి, కిందికి నడిచి, బానలో నీళ్ళు కాలవలోకి వెళ్ళేదాకా చూసి అప్పుడు దిగాడు. తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చి కాస్త దూరంలోనే నిలబడ్డాడు.

జగన్నాధం జరిగింది చెప్పాడు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. తాయారు సంతోషం పట్టలేక, విన్నావా, బేగి రా, ఇంకేటి అంది.

గంగులు అక్క వైపు చూడలేదు.

"రమ్మంతన్నారు, సరే," అన్నాడు. "నాను అబద్దమాడినానని రాసినారు గదా. దానికేటి సేస్తారు?"

ఆ కాయితం కొట్టేశామని జగన్నాధం చెప్పాడు.

"కాయితంలో కొట్టేస్తే ఎవులికి తెలస్తాది బాబూ? నవ్వినోలంతా షెడ్డులోనే ఉన్నారు. ఆల ముందల సెప్పండి. అప్పుడొస్తాను."

తాయారు తమ్ముణ్ణి గదమబోయింది. జగన్నాధం ఆమెని ఆపాడు. అందరి ముందూ చెబుతానన్నాడు.

ఈలోగా ఆంటె ముందుకొచ్చాడు. బురదలో జారుతూ గంగులు దగ్గరికి నడిచి "ఒప్రోస్తి" అన్నాడు. గంగులు ఏటంతన్నాడని ఏలియామ్మని అడిగాడు. క్షమించమంటున్నాడని ఆమె చెప్పింది. ఆ మాట తనకి ఎవరూ నేర్పకపోయినా ఎలా తెలిసిందో ఆమెకే తెలీదు.

గంగులు ఆంటె చేతి కట్టుని చూస్తున్నాడు.

"ఎవులేటన్నా, లాగింది నానే గదా," అన్నాడు. "ఏళ్ళు రెండూ ఉన్నాయా?"

ఉన్నాయని, ఒకటి కొంచెం వంకరగా ఉంటుందేమోనని ఏలియామ్మ చెప్పింది. గంగులు తలూపాడు. ఆంటె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కట్టు నలగకుండా కిందినుంచి ఎత్తిపట్టి చూసి వదిలిపెట్టాడు.

* * *

సోమవారం ఇంజను షెడ్డులో జగన్నాధం చెక్కపెట్టె ఎక్కలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఖలాసీల మధ్యనే నిలబడి, గంగులు ఆరోజు చెప్పింది నిజమని, నవ్వడం తన తప్పని, అబద్ధమని రాసిందీ తనేనని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నారాయణమూర్తి అనే ముసలి మేస్త్రీ మాత్రం, సరే బాబూ, పొద్దెక్కిపోతన్నాది అన్నాడు. గంగులు తుండు తలకి చుట్టుకుని గొలుసు దగ్గరికి వెళ్ళాడు.

ఏలియామ్మ ఆ ఉదయం మందులపెట్టె పట్టుకుని షెడ్డు గుమ్మంలోనే నిలబడింది. తాయారు ఆమె పక్కన ఉంది. శుక్రవారం నుంచి ఇద్దరూ ఆ కోపం సంగతి ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఏలియామ్మ తన గదిలో టీ కాచి, తాయారుని కుర్చీలో కూచోబెట్టి ఇచ్చి, తను మంచం మీద కూచుంది. తాయారు కప్పు ఖాళీ చేసి, మీ బాసలో తమ్ముణ్ణి ఏటంతారమ్మా అని అడిగింది.

సిలిండరు మూత మళ్ళీ గాలిలోకి లేచింది. ఆదివారం సాయంత్రమంతా ఆంటె ఏలియామ్మ దగ్గర "మెల్లగా" అనడం నేర్చుకున్నాడు. మలయాళంలోనూ మెల్లె అంటారు గనక ఆమెకి నేర్పడం తేలికైంది. తీరా షెడ్డుకి వచ్చాక ఆ మాటా వద్దన్నాడు. మేస్త్రీకి సైగలతో చెప్పాడు, ఇవాళ నేను నోరు విప్పను, ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆగాలో ఆ మనిషే చెబుతాడని గంగుల్ని చూపించాడు. గంగులు కాస్త వెనకాడాడు. మేస్త్రీ అతని భుజం మీద చెయ్యేసి ముందుకి తోసి, గొలుసు తను అందుకున్నాడు.

ఆంటె మోకాళ్ళ మీద కూచున్నాడు. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి చాపి, మూత అంచు కిందికి పోనిచ్చాడు. వేళ్ళకి ఒక పక్క బోల్టులు, పైన ముప్ఫై మణుగుల ఇనుము. అతను దాన్ని చూడడంలేదు. తలెత్తి గంగులు నోటికేసే చూస్తున్నాడు.

"మెల్లగ," అన్నాడు గంగులు.

గొలుసు కిర్రుమంది. తాయారు ఏలియామ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మెల్లగ. ఇంకాసింత. ఆగండి."

ఆగింది. ఆంటె వేళ్ళతో మూతని వెంట్రుకవాసి జరిపి, చెయ్యి తీసి, తలూపాడు.

"ఊఁ, ఒగ్గీండి," అన్నాడు గంగులు.

మూత బోల్టుల మీద చప్పుడు లేకుండా కూచుంది.